నేను జిగురు పెట్టిన స్వామి

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నప్పుడు కూడా అది ఉందని తెలుస్తుంది. నా భార్యకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో అనుకుంటున్నాను.

మాది ఆళ్లగడ్డ. దేవుడి విగ్రహాలు చెక్కే పని, మా నాయన నుంచి వచ్చింది. ఒక వేసవిలో నంద్యాల నుంచి ప్రసాద్ వచ్చాడు. కిరాణా కొట్టు వాళ్ల అబ్బాయి, చదువుకుని చమురు బావులు తవ్వే ఓడలో ఇంజనీరు అయ్యాడు. ఉత్తర ధ్రువం వైపు సముద్రంలో మంచు కరిగిపోతోందని, ఇదివరకు ఓడ దూరలేని చోట ఇప్పుడు చమురు కోసం తవ్వబోతున్నారని చెప్పాడు. చెబుతున్నవాడి మొహంలోనే భయం. తోడుగా తీసుకుపోవడానికి జానెడు నరసింహస్వామి కావాలన్నాడు.

చెక్కడం దాదాపు అయిపోయాక వీపు వైపు ఉలితో తట్టాను. మంచి రాయి గంటలా మోగుతుంది. ఇది మోగలేదు. లోపల బీట ఉంది. బీట ఉన్న రాయి పూజకు పనికిరాదని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాలి. అతని ప్రయాణం దగ్గరపడింది. నాకు బద్ధకం. అవును, బద్ధకమే, ఇన్నేళ్లూ దానికి తొందర అని పేరు పెట్టుకున్నాను. పచ్చటి జిగురులో రాతిపొడి కలిపి బీటలో కూరాను. అరగదీసి నూనె రాశాను. అతను కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

మరుసటి ఏడాది తిరిగి వచ్చాడు. తువ్వాలులో స్వామి, రెండు ముక్కలుగా.

"పగిలినాడన్నా," అన్నాడు. "ఓడ పైన గూట్లో పెట్టి దినామూ నీళ్లు పోసి పూజ చేస్తాంటి. ఒకనాడు పొద్దున చూస్తే ఇట్లుండాడు. మంచు కరిగింది చాలక, దాని కిందుండేది గూడా తోడుకుంటాండాం గదా. స్వామికి కోపమొచ్చింది. నా చేతి పూజ ఆయనకు వద్దు."

నాకు వెంటనే అర్థమైంది. జిగురు పక్కనుంచి నీళ్లు లోపలికి దిగాయి. ఆ చలికి గడ్డకట్టి, ఉబ్బి, రాయిని చీల్చాయి. అంతకుమించి ఏమీ లేదు. అతను విరిగిన చోట వేలు పెట్టాడు.

"ఈడ పచ్చగా ఉండాదే, ఏందన్నా ఇది?"

"రాతిలో నరం అప్పా. కొన్ని రాళ్లకు ఉంటాది."

జిగురు పెట్టినందుకు ఏదో ఒకనాడు నన్ను నేను క్షమించుకునేవాడినేమో. ఈ మాటకు మాత్రం లేదు. అంగట్లో బేరానికొచ్చినవాళ్లు ఉన్నారు, పరువు పోతుందని భయపడ్డాను. విరిగిన విగ్రహాన్ని పారే నీళ్లలో వదలాలి కాబట్టి ఇద్దరం కుందూ నది దగ్గరికి పోయాం. ముక్కలు నేనే పట్టుకున్నాను, పచ్చటి వైపు అరచేతికి ఆనించి. అతను ఏడుస్తున్నాడు. నేను త్వరగా వదిలేశాను.

ప్రసాద్ ఉద్యోగం మానేసి నంద్యాలలో కొట్టు చూసుకుంటున్నాడు. కొన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను: నా అబద్ధం వల్ల ఒక మనిషి ఆ తవ్వకం నుంచి బయటపడ్డాడు, మంచిదే కదా అని. ఎవరికి చెబుతున్నాను ఈ కబుర్లు? అతని చోట ఇంకొకరు చేరే ఉంటారు. మంచు కరుగుతూనే ఉంది. ఆ పని తప్పని అతనికి ముందే తోచింది, మానడానికి ఆ తోచడం చాలదా? దేవుడి కోపాన్ని అతని నెత్తిన పెట్టడానికి నేనెవరిని?

పోయిన నెల అహోబిలంలో కనిపించాడు. అతని భార్యాపిల్లలు దర్శనానికి పోయారు. అతను బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. విగ్రహం పగిలిన నాటి నుంచి ఏ గుడి లోపలికీ పోలేదట. నన్ను చూసి నవ్వాడు.

"నువ్వు పోయి రా అన్నా. చెప్పులు ఈడ ఇడ్చిపో, నేను చూస్తాంటా."

విడిచి లోపలికి పోయాను. స్వామి ముందు నిలబడి ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుని బస్సెక్కాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ప్రసాద్ మీద స్వామికి ఏ కోపమూ లేదు. పగిలింది నా జిగురు. ఈ రెండు ముక్కలు రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ కొంచెం కూడా ముందు అతనికి అందాల్సింది.