దయామణి మేడం రాసిన అమెరికా చరిత్ర

ప్రింటర్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల వేడి అరచేతికి తగిలితే నాకు ముందు మెడనొప్పి గుర్తొస్తుంది. తర్వాత చిరాకు వస్తుంది. ఆ తర్వాతే దయామణి మేడం గుర్తొస్తారు. మొన్న మోరిస్‌విల్‌లో మా ఆఫీసులో ఒక పెద్ద మాన్యువల్ ప్రింట్ తీసుకుని ఆ కట్టను గుండెకు ఆనించుకుని నడుస్తుంటే మళ్ళీ అదే జరిగింది. పోయినవాళ్ళు గుర్తొస్తే మనసు మెత్తబడుతుందంటారు. నాకలా జరగదు. దేశంలో మరెవరూ దొరకనట్టు ఈవిడ నాకే ఎందుకు తగిలిందా అనిపిస్తుంది.

అప్పట్లో మేం వర్జీనియాలో, షాంటిలీలో ఉండేవాళ్ళం. మా ఆయన శ్రీధర్‌కి ఉద్యోగం, నాకు డిపెండెంట్ వీసా. హనుమకొండలో ఎంసీఏ చదివి వచ్చిన నేను ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పాప ప్రీస్కూల్‌లో ఉన్నంతసేపు లైబ్రరీలో కూర్చునేదాన్ని. అక్కడ జెరాక్స్ మెషిన్ దగ్గర, గంజి పెట్టిన నేతచీర మీద అల్లుడి ఫ్లీస్ జాకెట్ తొడుక్కుని, కాళ్ళకు స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒక పెద్దావిడ, వెనక ఎంతమంది నిలబడ్డారో పట్టించుకోకుండా ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ కాపీ తీస్తున్నారు. నన్ను చూసి తెలుగులో, పేజీ అడుగు భాగం పడట్లేదు, కాస్త చూడమన్నారు. నేను తెలుగుదాన్నని ఎలా తెలిసిందని అడిగాను. "ఇందాక ఫోన్లో మీ ఆయన్ని కసురుకున్నావుగా" అన్నారు. వెంటనే, తెలుగు టైపింగ్ వచ్చా అని అడిగారు. కొంచెం వచ్చన్నాను. ఆ 'కొంచెం' నా జీవితంలో మూడేళ్ళకు పైగా తినేసింది.

ఆవిడ గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక కూతురు జాయ్స్ దగ్గరికి వచ్చేశారు. ఆదివారాలు వాళ్ళు తెలుగు చర్చికి వెళ్ళేవారు. అక్కడ సిటిజన్‌షిప్ పరీక్షకు తయారవుతున్న అమ్మమ్మలూ తాతయ్యలూ ప్రశ్నలు, జవాబులు బట్టీ పడుతుంటే ఈవిడ సాయం చేసేవారు. ఒకసారి ఒక అమ్మమ్మ, అంతర్యుద్ధం అంటే వాళ్ళలో వాళ్ళే కదా, ఎందుకు కొట్టుకున్నారమ్మా అని అడిగిందట. ఆమె చేతిలో పెట్టడానికి తగిన తెలుగు పుస్తకం ఒక్కటి కూడా మేడంకి దొరకలేదు. మనవల్ని ఈ దేశంలో పెంచుతున్న మనిషికి ఈ దేశం కథ తెలియొద్దా అని, తనే రాయడం మొదలుపెట్టారు. ఆ అమ్మమ్మ పరీక్ష పాసై, పౌరురాలై, ఇంకో ఊరికి మారిపోయింది. మేడం అప్పటికి ఇంకా మొదటి అధ్యాయంలోనే ఉన్నారు.

అల్లుడు ఆఫీసు నుంచి తెచ్చిన చిత్తు కాగితాల వెనకవైపు పెన్సిల్‌తో రాసేవారు. నేను టైప్ చేసి ప్రింట్ తెచ్చేదాన్ని. ఆ ప్రింట్ మీద మళ్ళీ దిద్దేవారు. దిద్దింది టైప్ చేసి తెస్తే, నిన్న దిద్దింది తప్పు, మొన్నటిదే బాగుంది అనేవారు. మొన్నటిది నేను డిలీట్ చేసి ఉండేదాన్ని. కొన్నాళ్ళకు నా మీద నమ్మకం కుదిరి, ఇంగ్లీషు నోట్స్ ఇచ్చి తెలుగులో చిత్తుప్రతి రాయమన్నారు. ఆదివాసుల గురించి రాస్తూ 'క్రమంగా వాళ్ళ భూములు పోయాయి' అని రాశాను. ఆ మాట చుట్టూ సున్నా చుట్టి నా ముందు పెట్టారు.

"పోయాయి అంటే ఏమిటి సరితా? బస్సులో గొడుగు పోయిందా? తీసుకున్నవాళ్ళకు పేర్లున్నాయి, సంతకాలున్నాయి. ఎవరు తీసుకున్నారో రాయి."

అది మొదలు ప్రతి వాక్యానికీ ఇదే గొడవ. యుద్ధం వచ్చింది అని రాయకూడదు, రైలుమార్గం పడింది అని రాయకూడదు. వాన వస్తుందట, యుద్ధం రాదట. ఆ రైలుమార్గం వేసిన చైనా కూలీల గురించి చదవడానికి మళ్ళీ లైబ్రరీ. ఇంటికొచ్చాక పాలు పొంగిపోయాయని శ్రీధర్ చెబితే, ఎవరు పొంగించారని నేను అడిగే స్థితికి వచ్చాను.

పుస్తకంలో చదివింది చాలదు, కళ్ళతో చూడాలనేవారు. అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరాటం జరిగిన మనాసస్ మాకు దగ్గరే. ఒక పొద్దున పాపను ప్రీస్కూల్‌లో దింపి ఆవిడను అక్కడికి డ్రైవ్ చేశాను. సైన్యాలు బుల్ రన్ 'నది' దాటాయని అప్పటికే టైప్ చేసి ఉంచాం. మేడం రాతి వంతెన పక్కనుంచి, నేను వద్దంటున్నా వినకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బురదలో దిగి నీళ్ళ అంచున నిలబడ్డారు.

"ఇది నదేమిటి? మా గుంటూరు జిల్లాలో దీన్ని వాగంటారు."

"మా దిక్కు ఇంకా చిన్నగుంటే ఒర్రె అంటరు మేడం. పోదాం, పాపను తీసుకోవాలె."

ఆవిడ ఒర్రె గురించి ఆలోచనలో పడ్డారు. ఎంత లోతుంటే వాగు, ఎంతయితే ఒర్రె, ఎండాకాలం ఎండిపోతుందా అని నన్ను అడిగి, అక్కడున్న పార్క్ ఉద్యోగిని పట్టుకుని పోరాటం జరిగిన జులై నెలలో మనిషి నడిచి దాటగలడా అని అడిగారు. కొన్నిచోట్ల దాటవచ్చు, అన్నిచోట్లా కాదు, ఒడ్లు నిటారుగా ఉంటాయని అతను ఓపిగ్గా చెప్పాడు. చివరికి వాగే ఖాయమైంది. నేను ప్రీస్కూల్‌కి చేరేసరికి పాప ఒక్కతే బ్యాగు తగిలించుకుని టీచర్ పక్కన నిలబడి ఉంది. ఆ కోపంలో ఇంటికొచ్చి, కంప్యూటర్ తెరిచి, 'నది' ఉన్న ప్రతిచోటా 'వాగు' పెట్టమని ఒక్క దెబ్బతో ఆదేశం ఇచ్చేశాను. మిసిసిపీ వాగైపోయింది. అంతటితో ఆగలేదు. తెలుగులో 'నది' ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో ఆరోజే తెలిసింది. 'తనది' కాస్తా 'తవాగు' అయింది. అమెరికా స్వతంత్ర 'దేశమైవాగు'. వాటిని వెతికి సరిచేస్తూ వారమంతా కూర్చున్నాను. మేడం మాత్రం దేశమైవాగు అన్న మాట చూసినప్పుడల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వేవారు.

విజయవాడలో ప్రచురణకర్త ప్రసాదరావు గారి దగ్గరున్నది పాత ఫాంటు. నేను పంపినది అందులోకి మార్చేసరికి ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. అమెరికా స్వాతంత్ర్యం తెచ్చుకోవడానికి పడ్డ కష్టం ఏమోగానీ, ఆ మాటకు ఒత్తులు తెచ్చుకోవడానికి మేం పడ్డ కష్టం నాకు తెలుసు. ఒత్తులు దిద్దమని ప్రూఫులు పంపితే మేడం వాటి అంచుల్లో కొత్త పేరాలు రాసి పంపేవారు. పొద్దున్నే ఆయన ఫోన్ చేసేవారు. మేడం ఎత్తేవారు కాదు. ఆయన నాకు చేసి నన్ను తిట్టేవారు. అప్పటికే షుగర్ వల్ల మేడం కళ్ళు దెబ్బతిన్నాయి. భూతద్దంతో చదవడం మొదలుపెట్టారు. త్వరగా ముగించమని జాయ్స్ బతిమాలేది. చూపు ఉండగా పుస్తకం చేతికొస్తుందా రాదా అన్నది మా అందరికీ బెంగ. ఆవిడకు మాత్రం లేనట్టే ఉండేది.

అన్నీ సర్దుకున్నాయనుకున్నాక ప్రసాదరావు గారు అసలు సంగతి చెప్పారు. ఇక్కడి ఒక తెలుగు సంఘం వాళ్ళు తమ మహాసభల్లో పంచడానికి చాలా కాపీలు తీసుకుంటారట. అయితే అమెరికాలో తెలుగువాళ్ళ విజయాల మీద ఒక అధ్యాయం కావాలి. బానిసల సంతల అధ్యాయం మరీ పొడుగ్గా ఉంది, దాన్ని రెండు పేజీలకు కుదించాలి. మాకు దగ్గర్లోని అలెగ్జాండ్రియాలో మనుషుల్ని కొని దక్షిణాదికి పంపిన వ్యాపారం గురించి మేడం రాసిన అధ్యాయం అది. నేను ఒప్పేసుకోమన్నాను. ఒక్క అధ్యాయం కోసం మొత్తం పుస్తకం ఆగిపోతే ఎవరికి లాభం అని గట్టిగానే వాదించాను. మేడం తెలుగువాళ్ళ అధ్యాయం తప్పకుండా రాస్తానని చెప్పమన్నారు. నేను దాన్ని లొంగిపోవడం అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

రాశారు. మొదటి పేజీలో ఒక్క తెలుగువాడు లేడు. ఆసియావాళ్ళను అడుగుపెట్టనివ్వని పాత చట్టాలున్నాయి. తర్వాత, బానిసల మనవలు, మునిమనవలు వీధుల్లోకొచ్చి దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి హక్కులు సాధించుకోవడం ఉంది. ఆ ఊపులోనే అరవైల నడుమ వలస చట్టం మారడం, ఆ దారిన మన డాక్టర్లు, ఇంజినీర్లు రావడం ఉంది. వాక్యానికి వాక్యం వెనకటి అధ్యాయం మీద ఆనుకుని ఉంది. ఆ సంతల అధ్యాయం తీసేస్తే ఇది నిలబడదు. అలా కట్టారావిడ.

సంఘం పెద్ద రమణారావు గారు ఒక ఆదివారం మధ్యాహ్నం జాయ్స్ ఇంటికి వచ్చారు. డెబ్బైల్లో వచ్చిన డాక్టరు, మంచి మనిషి. హాల్లో కూర్చుని అధ్యాయమంతా చదివారు. జాయ్స్ ఇచ్చిన కాఫీ అలాగే చల్లారిపోయింది.

"చాలా రీసెర్చ్ చేశారు మేడం గారూ. కానీ ఇది చదివితే మేం కష్టపడి వచ్చినట్టు లేదు. ఎవరో డోర్ ఓపెన్ చేస్తే లోపలికొచ్చినట్టుంది."

"మీరు కష్టపడలేదని నేనెక్కడా రాయలేదండీ. తలుపు ఎవరు తెరిచారో రాశాను, అంతే."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, దక్షిణాదిలో ఒక చిన్న ఊళ్ళో తన మొదటి చలికాలం గురించి, అద్దె ఇంటి కోసం తిరగడం గురించి, చివరికి తనకు చోటిచ్చిన ఒక నల్లజాతి కుటుంబం గురించి చెప్పారు. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయారు. ఆ కుటుంబానికి తన వల్ల ఏం జరిగిందో కూడా చెప్పారు. మేడం రాసిన అధ్యాయానికి అంతకంటే బలమైన సాక్ష్యం ఎక్కడా దొరకదు. మీరు అనుమతిస్తే ఇది రాస్తానని మేడం అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది పుస్తకంలో వద్దులెండి. మా పిల్లలకే చెప్పలేదు."

ఆయన వెళ్ళాక నేను ఆగలేదు. పేరు లేకుండా, ఊరు లేకుండా రాయొచ్చు కదా, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఒక్క అధ్యాయం కోసం పుస్తకాన్నే పణంగా పెట్టిన మనిషి, చేతికొచ్చిన ఆధారాన్ని వదిలేయడం నాకు అర్థం కాలేదు. మేడం భూతద్దం చీర కొంగుతో తుడుచుకుంటూ, "అది ఆయనది సరితా. ఆయన ఇవ్వలేదు" అన్నారు. ఆ కుటుంబానికి ఏం జరిగిందో నేను ఇక్కడ కూడా రాయడం లేదు.

సంఘం కాపీలు తీసుకోలేదు. పుస్తకం ప్రసాదరావు గారి ఆఫీసులో ఏడాది పైనే పడి ఉంది. ఆ ఏడాది కూడా మేడం ఖాళీగా లేరు. వారానికొక దిద్దుబాటు చెప్పేవారు, నేను మెయిల్ చేసేదాన్ని. ఒకరోజు ఒక కామా గురించి మెయిల్ చేశాను. ప్రసాదరావు గారు ఫోన్ చేసి, ఈవిడ దిద్దడం ఆపాలంటే అచ్చు వేయడం తప్ప తనకింకో దారి కనిపించడం లేదన్నారు. చివరికి ఆ పుస్తకం వెలుగు చూసింది ఎవరి ఆదరణ వల్లా కాదు, ఆయన విసుగు వల్ల. పల్చని కాగితం, చిన్న అక్షరాలు. రెండు అధ్యాయాలూ ఉన్నాయి, ఒక్క వాక్యం తగ్గకుండా.

ఎవరో వాళ్ళ అమ్మానాన్నల సూట్‌కేసులో పెట్టించి కాపీలు తెప్పించారు. నేను తీసుకెళ్ళి మేడం ఒళ్ళో పెట్టాను. అప్పటికి ఒక కన్ను దాదాపు పోయింది. ఆవిడ అట్ట తడిమారు, మధ్యలో తెరిచారు, భూతద్దం పెట్టారు. మురిసిపోతారేమోనని ఎదురుచూస్తున్నాను. "పెన్సిల్ ఉందా?" అన్నారు. వర్జీనియా పటంలో ఒక ఏరు తప్పుగా పడిందట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక చాలు మేడం, పుస్తకం పూర్తయింది కదా అన్నాను.

"పూర్తి కాలేదమ్మా. ఇచ్చేశాం" అన్నారావిడ.

ఆ తర్వాతి ఏడాది చలికాలంలో మేడం పోయారు. చర్చిలో పాస్టర్ గారు ఆవిడ జీవితం గురించి చెబుతూ పుస్తకం అచ్చయిన సంవత్సరం తప్పు చెప్పారు. జాయ్స్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరమూ లేచి దిద్దలేదు. దిద్దే మనిషి మా ఎదుట శవపేటికలో ఉన్నారు.

2015లో నాలాంటివాళ్ళకు పని చేసుకునే అనుమతి వచ్చింది. మెషిన్ల మాన్యువల్స్ రాసే ఉద్యోగానికి మోరిస్‌విల్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. రెజ్యూమేలో ఇన్నేళ్ళ ఖాళీ ఏమిటని అడిగారు. ఒక చరిత్ర పుస్తకానికి పనిచేశానన్నాను. ఏ దేశ చరిత్ర అన్నారు. మీదే అన్నాను. ముగ్గురూ నవ్వారు. ఇన్నిసార్లు మార్చాక, పని పూర్తయిందని ఎలా తెలుసుకునేవారు అని వాళ్ళలో ఒకావిడ అడిగింది. పూర్తయిందని ఎప్పుడూ తెలియలేదని, మాకు చేతనైనంత నిజంగా ఉన్నప్పుడు ఇచ్చేశామని చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుంది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు టీమ్‌లో ఫైల్ పంపేముందు 'ఫైనల్' అని పేరు పెట్టమంటారు. నేను పెట్టను, తేదీ వేసి పంపుతాను. పక్క సీటు కుర్రాడు నా దిద్దుబాట్ల మెయిల్ రాగానే పెద్దగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు నాకు బాగా తెలుసు, మూడేళ్ళకు పైగా అది నాది. వినిపించనట్టు తలవంచుకుని, మెషిన్‌ను నా కళ్ళతో చూడటానికి ఫ్యాక్టరీ ఫ్లోర్ మీదికి వెళ్ళిపోతాను.