కన్నడంలో అడిగిన ప్రశ్న

నేను చదివింది రిహాబిలిటేషన్ కౌన్సెలింగ్‌లో ఎమ్మెస్సీ అంటే కర్ణాటకలోని మా చింతామణిలో ఇప్పటికీ తాగుబోతుల చేత తాగుడు మాన్పించే చదువనే అనుకుంటారు. ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవాళ్ళు మళ్ళీ తమ బతుకు తాము చూసుకునేలా తోడు నిలిచే చదువని వివరించి వివరించి నోరు నొచ్చింది. ఇప్పుడు మానేశాను. వాళ్ళనుకునేదే నయం, అందులో కనీసం ఎవరికీ నష్టం లేదు.

బెంగళూరులో రెండేళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని చదివాం. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఒకరు వికలాంగులుగా, ఇంకొకరు కౌన్సెలర్‌గా నటించేవాళ్ళం. బాగా ఏడ్చినవాళ్ళకు చప్పట్లు. మొదటి రోజే చెప్పారు, నిర్ణయం ఎదుటి మనిషిదే కావాలని. దాని మీద పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. మార్కులు బాగానే వేశారు.

చివరి సెమిస్టరులో నిజమైన మనిషి మీద రిపోర్టు రాయాలి. బాగేపల్లి దగ్గర ఒక ఊళ్ళో, మేత కత్తిరించే మిషన్లో కుడిచెయ్యి మణికట్టు దాకా పోయిన ఒకామె ఉందని చిక్కబళ్ళాపురం వికలాంగుల సంక్షేమ ఆఫీసు వాళ్ళు నన్ను పంపారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. రెండు సీమావులు పెట్టుకుని డైరీకి పాలు పోసేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. మెడలో కార్డు వేసుకుని ఎవరొచ్చినా జనం కన్నడానికి మారిపోతారు. ఏమడిగినా 'ఆయ్తు' అంటారు, సరేనని. అది వచ్చినవాళ్ళకిచ్చే మర్యాద, అంతే. మనసులో మాట వాళ్ళు వెళ్ళాక తెలుగులో బయటికొస్తుంది. మా నాన్న తాలూకాఫీసులో అన్నిటికీ ఆయ్తు అని తలూపి, బస్సెక్కగానే తెలుగులో తిట్లు లంకించుకోవడం వింటూ పెరిగినదాన్ని. నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

అయినా కన్నడంలోనే అడిగాను. ఫారం కన్నడంలో ఉందన్నది సాకు. తెలుగులో నోరు తెరిస్తే ఎవరింటి పిల్లవని అడుగుతారు, నేను చింతామణి అంగడోళ్ళ కూతురినైపోతాను, మేడం హోదా పోతుంది. అదీ నా పొగరు.

ఒంటిచేత్తో పాలు పిండడం కష్టం కదా అంటే తలూపింది. రోడ్డు పక్కన చిన్న అంగడి పెట్టుకుంటే కూర్చుని చేసుకోవచ్చన్నాను. ఆయ్తు మేడం అంది. మరి ఆవుల్ని అమ్మేస్తారా అన్నప్పుడు ఒక్క క్షణం కొట్టం వైపు చూసి, దానికీ ఆయ్తు అంది. ఆ చూపు నాకు కనబడకపోలేదు. కానీ ఫారంలో చూపులకు గడి లేదు. తన ఇష్టప్రకారమే పని మార్చుకుంటోందని ఇంగ్లీషులో రాశాను. వైవాలో మెచ్చుకున్నారు, ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ రిపోర్టు చూసి ఆఫీసు వాళ్ళు ఆమెకు అంగడి మంజూరు చేశారు.

ఏడాది తర్వాత అదే చిక్కబళ్ళాపురం ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి, ఇంకొకరిని చూడటానికి ఆ ఊరు వెళ్ళాను. నేను రిపోర్టు రాసినామె అంగడి ముందు నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. తెలుగులో మాట్లాడి పెట్టేసి చూస్తే, లోపలినుంచి ఆమె నన్నే చూస్తోంది.

"మీరు తెలుగోళ్ళేనా అమ్మా?" అంది.

అవునన్నాను. ఆమె పాల ప్యాకెట్ మూల పళ్ళతో చింపి టీలో పోసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నేను మొదట వెళ్ళేనాటికే నెల రోజులుగా ఎడమచేత్తో పిండడం నేర్చుకుంటోందట. పెద్దావు మొదట్లో తన్నినా తర్వాత కదలకుండా నిలబడేదట. నా రిపోర్టు వచ్చాక మొగుడు, మేడమే రాసిందని రెండింటినీ సంతకు తోలుకుపోయాడు. డైరీలో పొద్దున్నే తన పేరు పెట్టి పిలిచేవాళ్ళని, ఇప్పుడు ఆ పిలుపూ లేదని చెప్పింది. ఈ అంగడి మొగుడి పేరు మీద నడుస్తోంది.

"ఆ పొద్దు తెలుగులో అడిగింటే చెప్పింటాను గదమ్మా. కన్నడంలో అడిగితిరి, ఆఫీసోళ్ళకు లేదని ఎట్ల చెప్పేది?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గును చూసుకుని నా మీద నాకే ఒళ్ళు మండింది. నేను సిగ్గుపడితే ఆవులు తిరిగొస్తాయా? తప్పు నాదేనన్నాను. పైకి మళ్ళీ రాసి ఆవులిప్పిస్తానని బ్యాగులోంచి కాగితాలు తీశాను. ఆమె ఎడమచెయ్యి వాటి మీద పెట్టి ఆపింది.

"ఇంకేమీ రాయొద్దమ్మా. మీరు రాసిందే అవుతాది. నాకు కావాల్సింది కాదు."