వంటావార్పు దగ్గర ఆపిన ఇంజన్

కారుకు కొత్త బ్యాటరీ ధరలో సగానికే పాతది బేరమాడి తెచ్చిన మొనగాణ్ని నేను. కిరాణా కొట్టు నడిపే నాయిన కూడా భుజం తట్టాడు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, గుండె నొప్పితో ఉన్న ఆ నాయిననే కారులో జనగామ దవాఖానకు తీసుకుపోతుంటే, రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి ఉద్యమకారుల వంటావార్పు. వాళ్లు గిన్నెలు జరిపే రెండు నిమిషాలకు డీజిల్ దండగని ఇంజన్ ఆపాను. మళ్లీ తాళం తిప్పితే టక్కుమంది, అంతే.

అన్నం కలుపుతున్న ఒకాయన గరిటెతోనే వచ్చాడు.

"లైట్లెయ్యన్నా."

వేశాను. మిణుకుమన్నాయి.

"బ్యాటరీ సచ్చింది. గిది నీకెవడు అంటగట్టిండే?"

గరిటె పక్కన పెట్టి, మిగతావాళ్లను కేకేశాడు.

"రెండో గేర్ల ఏసి క్లచ్ తొక్కు. మేం నూకుతం, బండి ఉరికినంక క్లచ్ ఇడువు."

పదిమంది నెట్టారు. మూడోసారికి ఇంజన్ అందుకుంది.

"ఇగ యాడా ఆపకు. జల్ది పో!"

"పావుగంట ముందు తేవాల్సింది" అన్నాడు దవాఖానలో డాక్టరు.

నెట్టినవాళ్లు పైసా తీసుకోలేదు. బ్యాటరీ బేరంలో మిగిలింది పదిహేను వందలు. పోయింది నాయిన.