లాభం, రెండు, మూడు

శుక్రవారం సాయంత్రం ఐదూ ఇరవైకి ఆయన కొట్టు తలుపులు మూశాడు. ప్రతి శుక్రవారం ఆ వేళకే మూసేవాడు కాబట్టి బయట ఎవరూ పట్టించుకోలేదు. నేను అప్పటికే లోపల ఒక బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాను. నా భార్యను సోమవారం ఓడ ఎక్కించి వేరే దీవిలోని లబాసాకు పంపుతామని ఆ మధ్యాహ్నమే చెరుకుతోట ఓవర్సీరు చెప్పాడు.

ఇది ఫిజీలోని నవువాలో, గిర్మిట్ అనే అయిదేళ్ళ కూలీ ఒప్పందం రోజుల్లో. ఆమె గిర్మిట్ వేరు, నాది వేరు. మేముండే కూలీ గదుల వరసల్లో, అంటే లైన్లలో, అందరి ముందూ పసుపుతాడు కట్టాను గాని ఆ పెళ్ళికి కాగితం లేదు. కాగితం లేని పెళ్ళి సర్కారుకు పెళ్ళి కాదు. అందుకని ఆమెను ఎక్కడికైనా పంపవచ్చు. ఆమె చనిపోయి ఇప్పటికి పదకొండు నెలలైంది. ఆనాటి సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు గనుక రాస్తున్నాను.

కొట్టాయన యూదుడు. అదేమిటో మాకు తెలియదు. పందిమాంసం తినడు కాబట్టి ముసల్మానని కొందరూ, దీపాలు వెలిగిస్తాడు కాబట్టి మనవాడేనని కొందరూ అనుకునేవారు. లైన్లలో ఎవరిని కొట్టినా, జ్వరంతో ఉన్నవాళ్ళను పనికి తోలినా అర్జీ ఆయనే రాసేవాడు. శుక్రవారం దీపాలయ్యాక కొట్టు వెనక గదిలో కొంతమంది చేరేవారు. మంగలిపని చేసే ఒక ముసల్మాను, చర్చిలో ప్రసంగం చెప్పే ఒక ఫిజీ పెద్దాయన, గిర్మిట్ తీరిపోయి వరి పండించుకుంటున్న మా పెద్దయ్య. కొట్టాయన తన భాషలో ఏదో చదివేవాడు. తర్వాత మిగతావాళ్ళు ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకునేవారు. ఆ తర్వాత యంగోనా వేరు దంచి నీళ్ళలో కలిపిన పానీయం చిప్పలో చేతులు మారేది.

"పెళ్ళి ఎంతమంది చూశారు?" అని అడిగాడు కొట్టాయన.

"లైనంతా చూశారు సాబ్."

"లైనంతా అంటే మేజిస్ట్రేటుకు ఎవరూ కాదు. పదిమందిని తీసుకురా. మా మతంలో పదిమంది కూడితేనే సంఘం. పదిమంది నిలబడి ఒకే మాట చెబితే గాలివార్త అనలేడు."

మర్నాటికి తొమ్మిదిమంది మగవాళ్ళు తేలారు. మిగతావాళ్ళకు ఓవర్సీరంటే భయం. నా భార్యతో ఒకే ఓడలో వచ్చిన ఒక ముసల్మాను ఆవిడ, తానూ వస్తానంది. పెద్దయ్య ఒప్పుకోలేదు.

"ఆడవాళ్ళని లెక్కలో వెయ్యరయ్యా. నవ్వుతారు."

"మావాళ్ళూ వెయ్యరు," అన్నాడు కొట్టాయన. "నేను వేస్తాను. అందుకే మావాళ్ళు నాకు ఉత్తరాలు రాయడం మానేశారు."

"మరి మీకు పదిమంది ఎక్కడ దొరుకుతారు సాబ్?" అంది ఆవిడ.

"దొరకరు. అందుకేగా మీతో కూర్చుంటున్నాను."

సోమవారం పొద్దున కోర్టు వరండాలో వరసగా నిలబడ్డాం. ఓడ మధ్యాహ్నం. నా భార్య గుడ్డలమూట చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. సాక్షులు ఎంతమందో చెప్పమన్నాడు మేజిస్ట్రేటు. పెద్దయ్య ముందుకు వచ్చి లెక్కపెట్టాడు. ఏళ్ళ తరబడి వడ్లు కొలిచిన నోరు అది, మనుషులకైనా అదే లెక్క.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మనం ఒకటి అనం, లాభం అంటాం. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని అదీ అనం. దుబాసీకి హిందీ వచ్చు, తెలుగు రాదు. మొత్తంలో అతనికి తెలిసింది ఒక్క మాటే.

"లాభ్ అంటున్నాడు సాబ్. వీళ్ళకేదో ముట్టింది. కొన్న సాక్షులు."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. దుబాసీ పెద్దయ్య వైపు తిరిగి హిందీలో అన్నాడు. "ఏయ్ బుడ్ఢా, ఒకటి అని మొదలుపెట్టి మళ్ళీ చెప్పు."

"చెప్పను."

"ఒకటి అంటే నీ నోరు అరుగుతుందా?"

"అది ఆ పిల్ల కాపురం. దాని మీద ఒకటీ, ఏడూ అనను."

ఆ ఒక్క మాట అంటే అయిపోతుంది గదా అనుకున్నాను. కాని అనమని అడగలేదు. మెట్ల దగ్గర ఆమె కూడా అడగలేదు.

అప్పుడు మాతోపాటు వచ్చిన కొట్టాయన లేచి ఇంగ్లీషులో మాట్లాడాడు. తర్వాత నాకు చెప్పిన ప్రకారం, ధాన్యం కొలతలో ఆ మాట ఎందుకంటారో మొదట చెప్పాడట. తన నాయనమ్మ కూడా మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టేది కాదనీ, బస్తాలకు మాత్రమే అంకెలు వాడేదనీ అన్నాడట. అని, ఆవిడ లెక్కపెట్టిన తీరులోనే వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ చూపించి, "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు," అంటూ ఆ ముసల్మాను ఆవిడ దాకా వచ్చి "పది కాదు" అన్నాడు.

"అయితే ఎవరూ లేనట్టేనా?" అన్నాడు మేజిస్ట్రేటు. ఆయనకూ విసుగ్గానే ఉంది. తానే వేలుతో లెక్కపెట్టుకుని, చివర ఆవిడ దగ్గర ఆగాడు. నువ్వేం చూశావని అడిగించాడు.

"తాడు కట్టడం చూశాను. వీడి చేతులు వణికి రెండో ముడి జారిపోయింది. నేనే బిగించాను. ఇప్పటికీ ముళ్ళెయ్యడం రాదు వీడికి."

ఆయన పది అని రాసుకున్నాడు. నా భార్యను నవువాలోనే ఉంచమన్నాడు.

ఎవరూ పెద్దగా సంతోషించలేదు. పూట పని తప్పింది, ఎండెక్కింది, అందరం తిరిగి చెరుకులోకి పోవాలి. మధ్యాహ్నం ఓడలో ఆమె బదులు పక్క లైను నుంచి మరొకామెను పంపారు. ఆమె తరఫున చెప్పడానికి పదిమంది లేరు. ఈ సంగతి నా భార్య చివరిదాకా మరిచిపోలేదు. నేను చాలాసార్లు మరిచిపోయాను.

ఆ తర్వాత లైన్లలో ఎవరి పెళ్ళి జరిగినా, మర్నాడు చూసినవాళ్ళు పదిమంది, ఆడా మగా, కొట్టుకు వెళ్ళి ఆయన రాసిన కాగితం మీద వేలిముద్రలు వేసేవారు. ఆయన పోయాక ఆయన కుర్చీలోనే కూర్చుని మంగలి కొన్నాళ్ళు రాశాడు. ఇప్పుడు రిజిస్ట్రారు దగ్గర ఇద్దరి సంతకాలు చాలు. పెళ్ళి మర్నాడు ఎవరూ వేలిముద్రలు వేయడానికి వెళ్ళడం లేదు.