నీలం విడవని మస్తూరా

మస్తూరా రంగులవాళ్ళ ఇంట్లో పుట్టింది. తండ్రి పట్టునూలుకు రంగులు వేసేవాడు. ఆ ఊరు మర్గిలాన్‌లో నేసే అత్లాస్ పట్టంటే పసుపు మీద ఎరుపు, ఎరుపు పక్కనే ఆకుపచ్చ, వాటి మధ్య నల్లటి పాయలు. గదంతా నిండిపోవడానికి ఒక్క గౌను చాలు. ఆ ఇంట్లో గోడలకూ గిన్నెలకూ రొట్టె తుంచే వేళ్ళకూ కూడా రంగే. ముసురు పట్టిన రోజుల్లో మస్తూరా గుమ్మంలో కూచుని ఆకాశంకేసి అలా చూస్తూ ఉండిపోయేది. అక్కడేముందే చూడ్డానికి అని తల్లి కసిరేది. ఏమీ లేదు కాబట్టే చూస్తున్నానని చెప్పడం ఆ వయసులో ఆమెకు చేతకాలేదు.

మెట్టినింట్లోనూ ఆ గోల తప్పలేదు. భర్త ఎర్గాష్ ఖర్బూజాల వ్యాపారి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. చెడ్డవాడని ఎవరూ అనలేదు, మస్తూరా కూడా అనుకోలేదు. ప్రతి పండక్కీ ఆమెకు గుడ్డ తెచ్చేవాడు. ఎంత మెరిస్తే అంత మంచి గుడ్డ అని అతని నమ్మకం. "నా పెళ్ళాం వీధి మలుపు తిరగ్గానే నాకు కనబడాలి" అనేవాడు నలుగురిలో. నలుగురూ నవ్వేవాళ్ళు. మస్తూరా కూడా నవ్వి, ఆ గుడ్డ కుట్టించి వేసుకునేది.

బీరువా నిండా బట్టలే. అయినా రోజూ పొద్దున దాని ముందు నిలబడితే తల తిరిగేది. పూల గౌను మీదకు చారల శాలువా పనికిరాదు, చారల గౌను మీదకు జరీ రుమాలు పనికిరాదు. ఒకదాని మొహం ఒకటి చూడని తోడికోడళ్ళలా వేలాడుతుండేవి. చివరికి చేతికందింది తగిలించుకుని ఊరి గ్రంథాలయంలో తన ఉద్యోగానికి వెళ్ళేది. అక్కడ మాసిన అట్టల పుస్తకాల మధ్య, తనొక్కతే పెళ్ళికి వచ్చి దారి తప్పినట్టు ఉండేది.

ఖర్బూజాలు దించుతున్న లారీ పక్కనే ఒక మధ్యాహ్నం ఎర్గాష్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మస్తూరా ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఆడపడుచు రెండు నీలం గౌన్లు కుట్టించి తెచ్చింది. మొగుడు పోయినావిడ అక్కడ ఏడాదిపాటు నీలం వేసుకుంటుంది. ఏడాది నిండాక ఆడవాళ్ళంతా చేరి ఆ నీలం విప్పించి తెల్లబట్ట వేస్తారు. ఆ తర్వాత ఆవిడ ఇష్టం.

చలి మొదలైంది. గ్రంథాలయంలో పొయ్యి సరిగ్గా రాజుకోక, మస్తూరా నీలం గౌను మీద ఎప్పటిదో బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది. కిటికీ మూయబోతూ గాజులో తన రూపం చూసి, గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచేసింది. నీలం, దాని మీద బూడిద, మెడ దగ్గర లోపలి చొక్కా తెలుపు. ఆ గాజులో ఉన్న మనిషి తనకు చాలాకాలంగా తెలిసిన మనిషిలా ఉంది. ఇన్నాళ్ళకు కలిసింది. ఆ సంతోషం ఏమిటో అర్థమయ్యేసరికి ఒళ్ళంతా వేడెక్కింది. మొగుణ్ణి మట్టిలో పెట్టాక ఇంకా ఒక్కసారైనా మంచు కురవలేదు, తను అద్దం చూసుకుని మురుస్తోంది. స్వెట్టరు విప్పేసి సాయంత్రందాకా వణుకుతూ కూచుంది. మర్నాడు మళ్ళీ వేసుకుంది.

ఏడాది నిండింది. తెల్లబట్ట వేశారు. చుట్టాలు రంగురంగుల గుడ్డలు ఒళ్ళో పెట్టారు. కొన్ని వారాలు మస్తూరా ఆ రంగుల్లోనే తిరిగింది. ఒకరోజు గ్రంథాలయానికి వేళ మించిపోతోందని చేతికి అందిన నీలం గౌనే వేసుకుంది. ఆ రోజంతా ఒంటిమీద బట్ట ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

అప్పటినుంచి మొదలుపెట్టింది, తొందరపడకుండా. ఒక కాలానికి ఒక్క బట్ట, అంతకంటే వద్దనుకుంది. రంగులు నాలుగే అనుకుంది: సిరా నీలం, బూడిద, మీగడ తెలుపు, అక్రోటు పెంకు రంగు. కొత్తగా వచ్చేది ఏదైనా సరే, బీరువాలో అప్పటికే ఉన్నవాటిలో కనీసం మూడింటికి జత కుదరాలి. కుదరకపోతే ఎంత మంచిదైనా కొట్లోనే వదిలేసేది. మొదట బూడిదరంగు పావడా కుట్టించింది. మరుసటి వసంతానికి మీగడరంగు చొక్కా. ఆ తర్వాత, ఒక చలికాలమంతా ఆగి, మోకాళ్ళ కిందకు వచ్చే సిరా నీలం కోటు. కుట్టుపని చేసే ఆవిడ గొణిగేది: ఒక పువ్వు లేదు, ఒక అంచు లేదు, ఇవి కుడుతుంటే నాకు నిద్రొస్తోందమ్మా అని. మస్తూరా నవ్వి ఊరుకునేది. వచ్చిన ప్రతి కొత్తదానికీ పాతవి రెండు మూడు బయటికి వెళ్ళేవి. మేనకోడలి పెళ్ళికొకటి, పొరుగింటి పురుడికొకటి చొప్పున ఎర్గాష్ తెచ్చిన మెరుపులన్నీ ఇల్లు దాటాయి. బీరువా సగానికి సగం ఖాళీ అయింది. పొద్దున్నే కళ్ళు మూసుకుని ఏది తీసినా ఏదో ఒకదానితో కలిసేది.

ఇందులో ఎవరికీ ఏ కష్టమూ ఉండేది కాదు, ఊరు దాన్ని ఇంకోలా చదువుకోకపోయి ఉంటే.

అది మొదటిసారి ఒక పెళ్ళిలో జరిగింది. పలావు పళ్ళెం ముందు పక్కన కూచున్న పెద్దావిడ మస్తూరా నీలం గౌను చేతిని నిమిరి, ఇంకా విడవలేకపోతున్నావా తల్లీ, అంది. ఆ కళ్ళలో నీళ్ళు. పెళ్ళిలో అంత పెద్దావిడతో, కాదండీ నాకు ఈ రంగు బావుంటుందండీ అని ఎలా అనడం? మస్తూరా నిట్టూర్చింది. ఆమె చేసిందల్లా అంతే.

ఆ నిట్టూర్పు వీధి వీధీ తిరిగింది. రంగుబట్టలన్నీ పంచేసిందట, ఒక్కటీ ఉంచుకోలేదట. ఎర్గాష్ ఎంత అదృష్టవంతుడో అన్నారు. కొత్త కోడళ్ళకు ఆమెను చూపించారు. విందుల్లో గుమ్మానికి దూరంగా, పెద్దలు కూచునే చోట జాగా ఇచ్చారు. ఫ్రిజ్‌లు బాగుచేసే కొడుకు ఇల్హోమ్ ఎక్కడికి పనికి వెళ్ళినా, మస్తూరా గారి అబ్బాయివా అని ముందు టీ పోసేవాళ్ళు. ఇల్హోమ్‌కు అది గర్వం. మా నాన్నను మా అమ్మ ఒక్కరోజైనా మర్చిపోలేదని భార్యతో అనడం మస్తూరా చెవిన పడింది. కొత్త కోటు మొదటిసారి వేసుకుని, దాని బరువు భుజాల మీద ఎంత బాగా కూచుందో అనుకుంటూ వస్తున్న రోజునే, వీధిలో ఒకావిడ ఆపి ఆ కోటు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. మస్తూరా తలొంచుకుంది. అది బాధతో వంచిన తల అనుకున్నారు. అది సిగ్గు.

చెప్పేద్దామనుకోవడం, రేపు చూద్దామనుకోవడం. అలా ఆరేళ్ళు గడిచాయి.

పక్క సందులో హాజరా కొడుకు రష్యాలో పనికి వెళ్ళి రోడ్డు ప్రమాదంలో పోయాడు. కోడలు ఓయ్‌దిన్‌కు పాతికేళ్ళు దాటాయో లేదో. చిన్న కూతురు. చూస్తూండగానే ఏడాది నిండవచ్చింది. ఒక సాయంత్రం ఓయ్‌దిన్ ఒక పింగాణీ గిన్నెలో గోధుమ పాయసం తెచ్చింది. ఆ సమయానికి మస్తూరా కొత్తగా కుట్టించిన బూడిదరంగు చేతుల్లేని కోటును నీలం గౌను మీద వేసి, అటు తిరిగి ఇటు తిరిగి అద్దంలో చూసుకుంటోంది. అడుగుల చప్పుడు విని, దాన్ని విప్పి పరుపు కింద తోసేసింది.

ఓయ్‌దిన్ కూచోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"అక్కా, మీకు ఎలా చేతనైంది? నాకీ నీలం చూస్తే ఊపిరాడదు. పిల్ల నా ఒళ్ళోకి రావట్లేదు, ఎర్రగౌను అమ్మ కావాలంటుంది. నీ ప్రేమ ఇంతేనా, మస్తూరాను చూడు అంటుంది మా అత్త. నాది ఇంతేనేమో అక్కా. మీ అంత ప్రేమించడం నాకు తెలియలేదేమో."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వినేది ఒక్క మనిషి. మస్తూరా నోరు తెరిచింది. పరుపు కింద నుంచి కోటు అంచు కొద్దిగా కనబడుతోంది. కాలితో దాన్ని లోపలికి నెట్టి, "మెల్లగా అలవాటవుతుందమ్మా" అంది.

ఓయ్‌దిన్ తలూపి వెళ్ళిపోయింది. ఆ పాయసం మస్తూరా తినలేకపోయింది. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. నిట్టూర్పు అయితే ఊరే ఏదో అర్థం చేసుకుందని సర్దిచెప్పుకోవచ్చు. ఇది అలా కాదు. ఇది అడిగిన పిల్ల మొహం మీద చెప్పిన అబద్ధం.

తెల్లబట్ట వేసే రోజు వచ్చింది. హాజరా ఇంట్లో ఆడవాళ్ళు గోడల వెంబడి పరుపుల మీద కూచున్నారు. ప్రార్థనలు చదివే ఓతిన్ అవ్వ చదవడం ముగించి చేతులతో మొహం తుడుచుకుంది. తెల్లగుడ్డ ఆవిడ ముందే ఉంది. అప్పుడు హాజరా లేచింది. తన కోడలు ఇంకా నీలంలోనే ఉంటానంటోందని, తన కొడుకు మీద దాని ప్రేమ అలాంటిదని, అందుకే ఈ వీధికి దారి చూపించిన మస్తూరా చేత్తోనే కొత్త నీలం కప్పించాలని ఉందని చెప్పింది. ఓయ్‌దిన్ నేలచూపులు చూస్తూ కూచుంది. ఆ పిల్ల ఆ మాట అనలేదని అక్కడ చాలామందికి తెలుసు.

మడతపెట్టిన నీలంగుడ్డ మస్తూరా చేతుల్లోకి వచ్చింది. మంచి గుడ్డ. ముదురు నీలం, కొంచెం బూడిద జీర. నా బూడిదరంగు పావడా మీదకు ఎంత బావుంటుందో! ఆమె మనసు ముందుగా అనుకున్నది అదే. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదురుగా, ఆ పిల్ల వంచిన మెడ ఎదురుగా, తనకు తోచింది అది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యమే ఆమెచేత మాట్లాడించింది.

"నేను కప్పను, హాజరా" అంది. "నేను ఎర్గాష్ కోసం నీలం వేసుకోవడం లేదు."

గదిలో టీ గిన్నెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"మరెవరికోసం?" అంది హాజరా.

"నాకోసం. ఈ రంగు నాకిష్టం. అన్నిటిమీదకీ కలుస్తుంది. ఆయన బతికుంటే ఆయన తెచ్చినవే వేసుకునుండేదాన్ని, ఇంకా ఇష్టం లేకుండానే. మీరంతా వేరేగా అనుకున్నారు. నేను కాదనలేదు."

మూలనుంచి ఒక ముసలావిడ తాపీగా అడిగింది: "అయితే ఈ ఆరేళ్ళూ మేం ఏడ్చింది నీ ముస్తాబు చూసా?"

ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. నిన్ను చూపించి మా కోడల్ని తిట్టని రోజు లేదు కదే, అని ఇంకొకావిడ తల కొట్టుకుంది. హాజరా మాత్రం ఏడవలేదు, అరవలేదు.

"నా బిడ్డ చచ్చిన ఇంట్లో కూచుని నీకే రంగు నప్పుతుందో చెబుతున్నావు" అంది. "నువ్వు మనిషివేనా?"

మస్తూరా గుడ్డను కింద పెట్టేసింది. ఏడాది నిండింది, దేవుడు ఇంతకంటే అడగలేదు, ఇక చాలు అని ఓతిన్ అవ్వ తెల్లగుడ్డ విప్పి, తనే లేచి ఓయ్‌దిన్ భుజాల మీద కప్పింది. ఓయ్‌దిన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ఆమెను కౌగిలించుకున్నారు. మస్తూరా కూడా లేచి నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి ఓయ్‌దిన్ కళ్ళెత్తి చూసి, మొహం పక్కకు తిప్పుకుంది. గుమ్మంలో నిలబడి తను అడిగినప్పుడు ఏం జవాబు వచ్చిందో ఆ పిల్ల మర్చిపోలేదు.

కబురు మస్తూరా కంటే ముందు ఇల్లు చేరింది. ఇల్హోమ్ వాకిట్లో పెద్ద చెక్కబల్ల మీద కూచుని ఉన్నాడు. కోడలు టీ పెట్టి లోపలికి తప్పుకుంది. అతను గిన్నెను వేళ్ళ మధ్య తిప్పుతూ మాట మొదలుపెట్టాడు.

"నాన్న తెచ్చినవన్నీ ఇచ్చేశావు. చూస్తే బాధేసి ఇస్తున్నావనుకున్నాను."

"నచ్చక ఇచ్చాను."

"నాన్న కూడా నచ్చలేదా?"

"నచ్చాడు. ఆయన తెచ్చే గుడ్డలు నచ్చలేదు." తన చెవికే ఆ మాట చిన్నదిగా వినిపించింది.

"ఆయన కోసం వేసుకున్నది అసలు ఉందా? ఎంతకాలం?"

ఏడాది అని చెప్పొచ్చు. కొడుకు ఆ ఏడాది కోసమే చెయ్యి చాపినట్టు అడుగుతున్నాడు. ఇచ్చేస్తే నమ్ముతాడు, కొంత తేరుకుంటాడు. కానీ ఆ కిటికీ గాజు తన కళ్ళ ముందు ఉంది.

"చలి మొదలయ్యేదాకా" అంది మస్తూరా.

ఇల్హోమ్ టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. "ఊరందరికీ చెప్పేముందు ఆ మాట నాకు చెప్పాల్సింది, అమ్మా. ఎంతమంది ఇళ్ళల్లో నేను నీ గురించి చెప్పుకున్నానో నీకు తెలియదు."

తెలుసు. ఆ సంగతి కూడా తెలుసు కాబట్టే ఆమె ఇన్నాళ్ళూ నిజం చెప్పలేదు.

"రేపట్నుంచి ఏం వేసుకుంటావు?" అన్నాడు.

"ఇవే. నాకు వేరేవి లేవు."

"సరే. కాకపోతే ఎవరైనా అడిగితే నాన్న పేరు ఎత్తకు."

"ఎత్తను."

కొడుకు తలుపు విసురుగా వెయ్యలేదు. ఎప్పటిలాగే నెమ్మదిగా వేసి వెళ్ళాడు. విసురుగా వేసి ఉంటే బావుండేదనుకుంది మస్తూరా.

ఆ మాట మీద ఆమె నిలబడింది. విందుల్లో ఆమెకు ఇప్పుడు గుమ్మం దగ్గరే జాగా. కొందరు ఆ నీలంకేసి చూసి చూపు తిప్పుకుంటారు. ఎప్పుడైనా ఒకావిడ, ఎగతాళికో నిజంగానో, ఎందుకమ్మా ఎప్పుడూ ఈ రంగే అని అడుగుతుంది. నాకిష్టం అని మాత్రం అంటుంది మస్తూరా. అన్న ప్రతిసారీ చెవుల దాకా వేడెక్కుతుంది. అయినా ఇప్పుడు నిట్టూర్చదు.