బొట్టు పెట్టిన రింగులు

ఓడలరేవు పల్లెపాలెంలో ఆడవాళ్లు పడవను కళ్లతో వెతుక్కోనక్కర్లేదు. చెవులు చాలు. వేటకు వెళ్లిన పడవలు తిరిగి మొగలోకి, అంటే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి, ఒడ్డున గంపలతో కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంజను చప్పుడు వాళ్లకు తెలిసిపోతుంది. ఈ విద్యలో చిన్నతల్లి అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. ఇంట్లో పులుసు మరిగిస్తూ కూడా వస్తున్నది ఎవరి పడవో చెప్పేస్తుంది. ఇక మొగుడు పోతురాజు ఇంజనుకైతే ఆనవాలు మరీ సులువు. అది దగ్గుతుంది. డుగుడుగుమంటూ వస్తూ వస్తూ మధ్యలో ఒకసారి ఖళ్లుమని, మళ్లీ ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ దగ్గు వినబడగానే చిన్నతల్లి "వచ్చేడు" అనుకుని గంప ఎత్తుకునేది.

మొన్న ఏప్రిల్లో, రెండు నెలల వేట నిషేధానికి ముందు ఆఖరి రోజున, ఆ దగ్గే ఆమె కొంప ముంచబోయింది. పడవ సరిగ్గా మొగలో కెరటం ఎక్కుతుండగా ఇంజను దగ్గి, పొగ కక్కి, లాగలేక చతికిలబడింది. పడవ కెరటానికి అడ్డం తిరిగింది. ఒడ్డున నిలబడ్డ చిన్నతల్లికి పడవ అడుగుభాగం కనబడింది. వెనకనే వచ్చిన ఇంకో కెరటం దాన్ని ఎలాగో ఒడ్డు వైపు తోసింది కాబట్టి మనుషులు దక్కారు.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ ఆమె ఒక్కటే మాట అంది. "ఈ ఇంజను ఇలాగే ఉంటే నువ్వు మొగ దాటడానికి లేదు. దాటేవంటే నా మీద ఒట్టే."

పోతురాజు కూడా భయపడ్డాడు, చెప్పలేదంతే.

పాలెంలో ఇంజన్లకు వైద్యుడు జగ్గయ్య. చిన్నతల్లికి స్వయానా అన్న. వేట లేని ఆ రెండు నెలలూ అతని పాక ముందు ఇంజన్లు పెళ్లింటి గుమ్మంలో చెప్పుల్లా పోగుపడి ఉంటాయి. బావగారి ఇంజను చప్పుడు ఒకసారి విని, హ్యాండిలు రెండుసార్లు తిప్పి చూసి పెదవి విరిచాడు.

"రింగులు పోయేయి బావా. పిస్టను చుట్టూ బిగువుగా ఉండాల్సినవి అరిగిపోయేయి. మంట బలమంతా సందుల్లోంచి కిందకి జారిపోతంది. ఇంకేం లాగుద్ది?"

"అయితే మార్చెయ్యి అన్నయ్యా," అంది చిన్నతల్లి.

"మారుస్తాను గానీ, ఇవన్నీ ముందొచ్చినవి. మీ వంతొచ్చేసరికి వేట మొదలైపోద్ది. చెల్లెలివైనా వరస వరసేనే."

చిన్నతల్లికి అన్న మీద కోపం వస్తే ఆ కోపం ఊరికే పోదు, ఏదో ఒక పని చేయించి మరీ పోతుంది. "ఆయ్, మేమే మార్చుకుంటాంలే," అనేసింది. అన్నాక గాని తను ఏమందో తెలియలేదు. భయం భయంగా మొగుడి మొహం చూసింది. పోతురాజు మొహం తిరునాళ్లకు తీసుకెళతానంటే విన్న పిల్లాడిలా వెలిగిపోతోంది. జగ్గయ్య దగ్గర దీపం పట్టుకుని నిలబడటమే తప్ప ఆ ఇంజను పొట్ట తన చేత్తో విప్పి చూసే భాగ్యం అతనికి ఇన్నేళ్లలో దక్కలేదు మరి.

ఇంజనును బొంగుకు కట్టి ఇంటికి మోసుకొచ్చి, పెరట్లో పాత టార్పాలిను మీద దించారు. చిన్నతల్లి కొబ్బరిచిప్పలు వరసగా పేర్చింది. ఏ చోట విప్పిన బోల్టులు ఆ చిప్పలోనే. "చిప్ప మారిందా, నీకు కూడు మారిపోద్ది," అని ముందే చెప్పింది. ఒక్కో బోల్టు ఊడుతుంటే పోతురాజుకు హుషారు పెరిగింది, ఈలలు మొదలయ్యాయి. చివరికి మాడిన కుండలా నల్లగా పిస్టను బయటికొచ్చింది. దాని చుట్టూ రింగులు నిజంగానే వదులు వదులుగా ఆడుతున్నాయి. చిన్నతల్లి వాటిని వేలితో కదిపి చూసింది. తన మనిషిని మొగలో అడ్డం తిప్పింది ఇవేనా అని ఒళ్లు మండింది.

అమలాపురం వెళ్లే పని ఆమె మీదే పడింది. ఎలాగూ ఎండుచేపలు అమ్మడానికి వెళ్లేదే. పిస్టనును పాత ఎర్రచీర ముక్కలో చుట్టి గంపలో పెట్టుకుని, అమ్మకం అయ్యాక ముత్యాలరాజుగారి స్పేరు పార్టుల కొట్టుకు వెళ్లింది. ఆమెకన్నా ముందు చేపల వాసన కొట్టులోకి వెళ్లింది. బేరానికొచ్చిన ఇద్దరు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమెకు కావలసిందీ అదే.

"దీనికి రింగులు కావాలండి."

"స్టాండర్డువా, ఓవర్ సైజువా అమ్మా?"

"దీనికి సరిపోయేవండి బాబుగారూ."

ముత్యాలరాజుగారు నవ్వాడు. "సిలిండరు ఇదివరకు ఎప్పుడన్నా బోరు కొట్టించేరా? కొట్టిస్తే లోపల వెడల్పవుద్ది, రింగు కూడా ఆ మేరకి పెద్దది కావాలి. పిస్టను నెత్తి మీద అంకె ఉంటాది గానీ, మసిలో ఏం కనబడతాది?"

మసి అంటే చిన్నతల్లికి లెక్కేమిటి? కొంచెం కిరసనాయిలు అడిగి పుచ్చుకుంది. గంపలోంచి కొబ్బరిపీచు తీసింది. కొట్టు మెట్టు మీద కూర్చుని, అన్నం మాడిన తపేలా తోమినట్టు పిస్టను నెత్తి తోమడం మొదలెట్టింది. జరిగిన ఇద్దరూ మళ్లీ దగ్గరికొచ్చి చూస్తున్నారు. కాసేపటికి మసి వదిలి అంకె పైకి తేలింది.

"ఆయ్, యాభై. ఓవర్ సైజు," అన్నాడు ముత్యాలరాజుగారు కళ్లద్దాలు పైకి తోసుకుని. "స్టాండర్డువి పట్టుకెళ్లుంటే మళ్లీ మొదటికొచ్చేది."

పొట్లం విప్పి చూపించాడు. నూనె పూసిన కొత్త రింగులు తళతళలాడుతున్నాయి. చిన్నతల్లికి ఒక్క క్షణం బంగారపు కొట్లో ఉన్నట్టనిపించింది. ఆయన జాగ్రత్తలు చెప్పాడు. ఇనుమే కదా అని గట్టిగా సాగదీస్తే అప్పడంలా విరుగుతాయి. రింగుల నోళ్లు, అంటే తెగి ఉన్న చోట్లు, అన్నీ ఒకే వైపు రాకూడదు. అడుగుది తప్ప పై రింగులన్నిటి మీద ఒక పక్క చిన్న అక్షరం చెక్కి ఉంటుంది, అది పైకే ఉండాలి.

"నాకు చదువు రాదండి."

"చదవక్కర్లేదమ్మా. గీత కనబడితే చాలు. తిరగేసి పెట్టేరా, పని అంతా వృథా."

ఆటోలో ఇంటికొచ్చేదాకా పొట్లం ఒళ్లోనే ఉంది. గంప మాత్రం ఎవరి కాళ్ల దగ్గరో పడి ఉంది.

ఆమె వచ్చేసరికి పోతురాజు సిలిండరు తుడిచి తుడిచి అద్దంలా చేసి కూర్చున్నాడు. ఎల్లుండే వేట. పాలెమంతా వలలు పడవలకెక్కిస్తున్నారు. ఆమె కాళ్లు కడుక్కుని, ముత్యాలరాజుగారి జాగ్రత్తలన్నీ ఒప్పజెప్పి, పసుపు కుంకుమ తేవడానికి లోపలికెళ్లింది. వల కొన్నా, గంప కొన్నా, చివరికి చీపురు కొన్నా బొట్టు పెట్టకుండా వాడరు ఆ ఇంట్లో. ఆమె భరిణెతో బయటికొచ్చేలోపు పోతురాజు ఆగలేక అడుగు రింగూ, దాని పైదీ ఎక్కించేశాడు.

"బొట్టు పెట్టకుండా ఎలా పెట్టేసేవయ్యా?"

"ఇంజన్లో కుంకం పడితే గీసుకుపోద్దే."

"పెట్టి, తుడిచేస్తాను. అమ్మవారికి తెలుస్తాది, ఇంజనుకి తెలీదు. మిగతావన్నా ఇలా తే."

రింగుకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, డీజిలు గుడ్డతో తుడిచింది. అంతా పోయింది గాని ఒకచోట ఎర్రగా చుక్కంత మిగిలిపోయింది. గోటితో గీకినా పోదు. వెలుతురుకు ఎత్తి చూసింది. అది చుక్క కాదు, గీత. కుంకుమ చెక్కుడులో దూరి కూర్చుంది.

"అక్షరం! ఇదిగో అక్షరం."

"అక్షరాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. నేను చూసేగా పెట్టేను," అన్నాడు పోతురాజు. దగ్గర చూపు ఆనదని అతను ఇంతవరకు ఒప్పుకోలేదు. ఆ రింగు అందుకుని చెయ్యి బారెడు దూరం పెట్టి చూశాడు. ఎర్రగీత కనబడింది.

చిన్నతల్లి అతను ఎక్కించిన పై రింగు మీద కుంకుమ రాసి తుడిచింది. పైన ఏమీ మిగల్లేదు. వేలు కిందకు పోనిచ్చి రాసి, తుడిచి, పిస్టను తలకిందులు చేసి చూసింది. కింద వైపు ఎర్రగా నవ్వుతోంది గీత.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మళ్లీ తీయాలి. విరిగితే వేరేది తెచ్చి బిగించేసరికి తొలి వేట దాటిపోతుంది. పోతురాజు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు తియ్యి. నీ చెయ్యి నిదానం," అన్నాడు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే కదా. చిన్నతల్లి రెండు బొటనవేళ్లూ రింగు నోటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, అది వదలడానికి ఎంత కావాలో అంతే తెరిచింది. రింగు పైకి జారి ఆమె చేతిలోకొచ్చింది. ఆ తర్వాత కాసేపు ఇద్దరూ కారణం లేకుండా నవ్వుకున్నారు.

ఎర్రగీతలు పైకి ఉండేలా పై రింగులన్నీ ఎక్కించి, నూనెడబ్బా రేకు కత్తిరించి అవి నొక్కుకునేలా చుట్టూ బిగించి, పిస్టనును సిలిండరులోకి దింపారు. చిప్పల్లో బోల్టులన్నీ తమ తమ చోట్లకు చేరాయి. ఒక్క చిప్పలో కూడా ఒక్కటీ మిగల్లేదు.

పోతురాజు హ్యాండిలు తిప్పాడు. రింగులు మార్చకముందు చిన్నతల్లి కూడా సునాయాసంగా తిప్పిన హ్యాండిలు కొత్త బిగువుకు సగంలో ఆగి, అతన్నే వెనక్కి నెట్టింది. "ఎదురు తిరుగుతందే!" అన్నాడు, కొడుకు మొదటి అడుగు వేసినంత సంబరంగా. ఇద్దరూ కలిసి పట్టి తిప్పారు. ఇంజను గుప్పున పొగ వదిలి అందుకుంది. కోళ్లు దడి దూకి పారిపోయాయి. పక్కనున్న రేకులషెడ్డు దడదడలాడి, ఏది ఇంజను మోతో ఏది రేకుల మోతో తెలియలేదు. ఆ గోలకు జగ్గయ్య మడ్డి చేతులతోనే వచ్చాడు.

"ఎవరు బిగించేరు?"

"నీ చెల్లెలు," అన్నాడు పోతురాజు.

జగ్గయ్య కాసేపు విన్నాడు. మెచ్చుకోవాలని ఉంది గాని మనసొప్పలేదు. "ఇల్లలకగానే పండగ కాదు. నీళ్ల మీద, మొగలో లాగితే అప్పుడు చెప్పండి," అనేసి వెళ్లిపోయాడు. చెప్పింది నిజమే. అందుకే చిన్నతల్లికి మళ్లీ గుబులు పట్టుకుంది.

వేట మొదటి రోజు పడవలన్నీ ఒకే మోతగా కలిసి వెళ్లిపోయాయి. పొద్దెక్కాక దక్షిణం గాలి లేచింది. మొగలో కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. ఒక్కో పడవా వస్తోంది, ఒక్కో ఆడమనిషీ లేస్తోంది. చిన్నతల్లి మాత్రం అలాగే కూర్చుని చెవులు రిక్కించింది. దగ్గు వినబడదు. దాన్ని తనే వదిలించానన్న సంగతి మనసుకు తెలుసు, చెవులకు తెలియదు. అవి ఆ దగ్గునే వెతుక్కుంటున్నాయి. ఎప్పుడూ వెనకబడే సూరిబాబు పడవ వచ్చింది. ఆఖరుకు ముసలి పడవలు కూడా వచ్చేశాయి.

అప్పుడే దూరంగా ఇంకో ఇంజను వినబడింది. గట్టిగా, ఒకే తీరుగా, ఎక్కడా తడబడకుండా వస్తోంది.

"అది ఎవరిదత్తా? ఎప్పుడూ వినలేదు," అడిగింది పక్కింటి కొత్తకోడలు సాయిదుర్గ.

"ఏమోనే. ఏ ఊరి పడవో," అంది చిన్నతల్లి. తనకు తెలియని ఇంజను ఈ రేవులో ఉండటం అదే మొదలు.

పడవ మొగలోకి వచ్చింది. ఏప్రిల్లో పోతురాజు పడవ అడ్డం తిరిగిన చోటే ఇది కూడా కెరటం ఎక్కింది. పరాయి పడవే అయినా చిన్నతల్లి కళ్లు మూసుకుంది. చప్పుడు తగ్గలేదు. కెరటం విరిగిన మోతలో కూడా ఆ డుగుడుగు ఒక్కసారైనా తెగలేదు. కళ్లు తెరిచేసరికి పడవ కెరటం దిగి తిన్నగా వస్తోంది. ముందు గడకు ఎర్రటి గుడ్డ కట్టి ఉంది. అది తన పాత చీర ముక్క, పిస్టను చుట్టిన ముక్క.

"అత్తా, ఎవరో తెలిసిందా?"

"మాదేనే," అంది చిన్నతల్లి. గంప అక్కడే వదిలేసి, మోకాళ్ల దాకా నీళ్లలోకి నడిచి వెళ్లింది.