మంచి కంటికి కట్టు

నాకు ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. పాలకొల్లు మార్కెట్లో వంకాయలు కొన్నా తొడిమ ఎత్తి చూడందే సంచిలో వేయను. అందుకే మనవరాలి కంటి విషయంలోనూ మొదటిరోజు నుంచే నాకు అనుమానం.

ఆరేళ్ళ పిల్ల. బళ్ళో పరీక్ష చేసి, ఎడమ కంటికి చూపు సరిగ్గా లేదని చీటీ పంపారు. మెల్ల లేదు, ఎరుపు లేదు, నీరు కారదు. గోడ మీద పాకే చీమని చూపించే పిల్లకి చూపు లేకపోవడమేంటి? రాజమండ్రి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ కళ్ళజోడు రాసింది. తీరా అది వచ్చాక చూస్తే ఒక అద్దం మందం, ఒకటి పల్చన. కొట్టువాడు చేతికి దొరికినవి బిగించాడనుకున్నాను.

అంతకంటే విడ్డూరం, రోజూ రెండు గంటలు కంటికి ప్యాచ్ అంటించమంది. అదీ మంచి కంటికి! ఆ సేపూ దగ్గరగా చూసి చేసే పని ఏదైనా చేయించమంది.

"కట్టు దెబ్బ తగిలిన వేలికి కడతారు గానీ, బాగున్న వేలికి కడతారాండీ?" అని ఆవిడనే అడిగాను.

"దీన్ని లేజీ ఐ అంటారు మామ్మగారూ. మంచి కన్ను మూస్తేనే రెండోది పని నేర్చుకుంటుంది. వయసు పెరిగితే నేర్పడం కష్టం. ఒక్కరోజు కూడా మానకండి."

కోడలు బుద్ధిగా తలూపింది. నేను ఊపలేదు.

కోడలు సాయంత్రం ప్యాచ్ అంటించి, ట్యూషన్ పిల్లల కోసం మేడెక్కేది. కింద నేనూ, పిల్లా, కనకాంబరాల బుట్టా. మొదటిరోజు మాల కట్టమంటే పిల్ల పువ్వు ఒకచోట, దారం ఒకచోట పెట్టి ఏడ్చింది. "కనబడట్లేదు నాన్నమ్మా," అంటూ నా మొహం తడిమింది. డాక్టరమ్మ కుడీ ఎడమా తారుమారు చేసిందని అప్పుడే తేల్చేశాను. ప్యాచ్ మెల్లగా ఊడదీసి ఎడమ కంటికి అంటించాను. పిల్ల ఇట్టే జానెడు మాల కట్టేసింది.

"చూశావా! అమ్మకి చెప్పకు," అన్నాను.

కోడలు దిగేలోపు తీసేసేదాన్ని. మూడు నెలలు ఇదే తంతు. మాల రోజురోజుకీ పొడుగవుతుంటే కన్ను బాగుపడుతోందని మురిసిపోయాను.

మళ్ళీ చూపించడానికి అందరం వెళ్ళాం. డాక్టరమ్మ కుడి కన్ను మూసి చదవమంటే, పై వరుసలోని పెద్ద అక్షరం దగ్గరే పిల్ల ఆగిపోయింది.

"కాస్త కూడా మెరుగు లేదు. రోజూ వేస్తున్నారా?"

"ఒట్టండీ, ఒక్కరోజు కూడా మానలేదండీ," అంటూ కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా కొడుకు ఆమె వంక అనుమానంగా చూశాడు. వాడికి ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పిల్ల మాత్రం నా వైపు ఒకసారి చూసి, పెదవులు బిగించి కూర్చుంది. చెప్పొద్దన్నాను కదా.

సిగ్గుతో చచ్చిపోయాను. "నేనేనండీ. రోజూ ఎడమ కంటికి మార్చి అంటించాను," అన్నాను. నా కొడుకు తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మూడు నెలలు పని చెయ్యాల్సిన కన్నునే మూసేశారు మామ్మగారూ. ఇంకా టైముంది, ఇవాళే మొదలుపెట్టండి," అంది డాక్టరమ్మ.

"పూర్తిగా వస్తుందాండీ?"

"ఇప్పుడే చెప్పలేను."

ఇప్పుడు ప్యాచ్ అంటించేది నేనే. కోడలే నాకు ఒప్పజెప్పింది, ఎందుకో నేను అడగలేదు. అంటించగానే పిల్ల రెండు కళ్ళూ తడిమి, ఏది మూశానో చూసుకుంటుంది. ఆ తర్వాతే పూలు ముట్టుకుంటుంది. నన్ను ఇంకెవరైనా అలా అనుమానిస్తే ఊరుకునే మనిషిని కాను. దాన్ని మాత్రం, "ఇంకోసారి చూసుకో తల్లీ," అంటాను.